హనుమంతరావు ఎవరో తెలియదు

ఆ రోజుకు వందన వేసుకున్న పథకంలో గొడవలకు చోటే లేదు. పొద్దున్నే చాయ్ తాగి, కంప్యూటరులో మిగిలిన ఒక్క పంక్తి రాసి, మధ్యాహ్నానికల్లా సాంచె మీద నమూనా చీర కొంగు దింపాలి. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. సిరిసిల్లలో పుట్టినవాళ్ళకు ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం జగిత్యాల నుంచి కౌసల్యమ్మ వస్తుంది. అక్కడ బజారులో పెద్ద చీరల దుకాణం ఆమెది. చీర చూసి 'బాగుంది' అని ఒక్క మాట అందంటే ఏడాది పొడుగునా ఈ షెడ్డుకు పని దొరికినట్టే.

అనకపోతే ఏమవుతుందో కూడా ఇంట్లో అందరికీ తెలుసు. వందన తండ్రి సాంబయ్య రాత్రి అన్నం ముందు కూర్చుని తేల్చి చెప్పేశాడు. "గీ ఒక్కటి చూస్తం బిడ్డా. గిది గూడ కాలేదనుకో, ఎల్లుండి తుక్కు సేటు వస్తడు, సాంచాలు ఎత్తుకపోతడు. నాకు ఇగ ఓపిక లేదు." తుక్కు సేటు అప్పటికే ఒకసారి వచ్చి, సాంచాలను వేలితో టకటకా కొట్టి చూసి, పెదవి విరిచి వెళ్ళాడు. సాంచాల చప్పుడు మధ్య నిద్రపోయి, ఆ చప్పుడు మధ్యే చదువుకుని పెరిగిన వందనకు ఆ పెదవి విరుపు గుండెలో ముల్లులా దిగింది.

అందుకే ఆమె 'పోగు' మీద ఆశ పెట్టుకుంది. పోగు అనేది ఒక భాష. మనుషులు మాట్లాడుకునేది కాదు, సాంచెకు చెప్పుకునేది. హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా కోరుట్లలో ఉన్న మేనబావ అక్షయ్‌తో కలిసి తయారు చేసింది. ఫోనులో తెలుగులో చెబితే చాలు: నెమలిని తీసుకో, ఎదురు తిప్పు, జత చెయ్యి, అంచుకు పెట్టు. సాంచె మీద బిగించిన డబ్బా విని ఆ డిజైను నేయిస్తుంది. చెప్పింది చేసే ముందు ఒకసారి గట్టిగా చదివి వినిపించాలని సాంబయ్య షరతు పెడితే, వాడకట్టు వినాయకుడి మండపం నుంచి పెద్ద స్పీకరు తెచ్చి డబ్బాకు తగిలించారు. తంగళ్ళపల్లిలో, గంభీరావుపేటలో పోగును పరీక్షిస్తున్న వాళ్ళ కోసం, డబ్బా చదివిన ప్రతి మాటా వాట్సాప్ గ్రూపులోకి కూడా దానంతటదే వెళ్ళిపోయేలా వందన ఏర్పాటు చేసింది. తెలివైన ఏర్పాటని అప్పట్లో అక్షయ్ మెచ్చుకున్నాడు కూడా.

మిగిలిన చిక్కల్లా ఒక్కటే. ఎదురెదురుగా నిలబడ్డ నెమళ్ళ జంట అంచులోనూ రావాలి, కొంగులోనూ రావాలి. పోగులో ఒక పని ఫలితం తర్వాతి పనికి అందుతుంది, అంతటితో చేజారిపోతుంది. నడుమ తయారైన దానికి ఒక పేరు పెట్టి పక్కన దాచుకోవడానికి భాషలో దారి లేదు. ఈ తిప్పలు ప్రపంచంలో యంత్రాలకు భాష కట్టిన ప్రతివాళ్ళూ పడ్డవే. అందరూ ఏళ్ళ తరబడి పోట్లాడుకుని ఒక నిర్ణయానికి వస్తారు. వందనకూ అక్షయ్‌కూ మధ్యాహ్నం దాకానే గడువుంది.

"పేరు ముందు చెప్పాలె బావా. 'జంట అంటే' అని చెప్పి గప్పుడు పని చెప్పాలె," అంది వందన ఫోనులో. "అంగడికి సంచి పట్టుకోని పోతమా, కూరగాయలు కొన్నంక సంచి కుట్టుకుంటమా?"

"పుట్టకముందే పేరు పెడుతరా ఎవలన్న?" అన్నాడు అక్షయ్. "బిడ్డ పుట్టాలె, తొట్టెల్ల ఎయ్యాలె, గప్పుడు చెవుల పేరు చెప్పాలె. పనంత చెప్పి, ఆఖరుకు 'దీని పేరు జంట' అనాలె. గదీ పద్ధతి."

"బిడ్డ గాదు బావా, నెమలి."

"నెమలైనా పుట్టినంకనే!"

ఇలా చాయ్ రెండోసారి చల్లారింది. చివరికి రాజీ కుదిరింది. ఇద్దరి పద్ధతులూ సిద్ధంగానే ఉన్నాయి. పోగును రోజూ వాడేది వందన తల్లి బాలవ్వ. ఆమె రెండూ నోటితో చెప్పి చూసి, ఏది సులువంటే అదే ఖాయం. ముందు వందన పద్ధతి. ఆమె దాన్ని డబ్బాలోకి ఎక్కించి తల్లిని పిలిచింది. సాంబయ్య అతిథుల కోసం మిఠాయి తేవడానికి గాంధీ చౌక్ వైపు వెళ్ళాడు.

ఇక్కడ ఆ షెడ్డు అలవాటు ఒకటి చెప్పుకోవాలి. అక్కడ చీర మీది ఏ బుటాకైనా, ఏ అంచుకైనా మనిషి పేరే. ఎవరు మొదట నేస్తే వాళ్ళ పేరు దానికి పడిపోతుంది. చుక్కల అంచు ఎల్లవ్వ. మొగ్గ శంకరవ్వ. ఎదురెదురు నెమళ్ళను మొదట నేసింది సాంబయ్య, కాబట్టి ఆ జంట సాంబయ్య. పిల్లలు కూడా 'సాంబయ్య చీర' అనే అంటారు. అనని మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది.

"అవ్వా, ముందు దాని పేరు చెప్పు. తర్వాత 'అంటే' అను. గంతే," అంది వందన.

బాలవ్వ ఫోను నోటి దగ్గర పెట్టుకుని, కొంగు సవరించుకుని, "గాయన అంటే," అంది.

"పేరు కావాలి," అంది స్పీకరు. అది, ఇది, ఆయన, ఈయన లాంటివి పేర్లుగా ఒప్పుకోవద్దని వందనే దానికి కట్టుదిట్టం చేసింది.

"మా ఇంటాయన అంటే."

"పేరు కావాలి."

"వందన వాళ్ళ బాపు అంటే."

"ఒక్క పేరే కావాలి," అంది స్పీకరు.

"అవ్వా! సాంబయ్య అనరాదే!" అంది వందన తల పట్టుకుని.

"తూ! మొగని పేరు నోట్ల పెట్టుకుంటరా? ఆయుసు తక్కువైతది. నీ డబ్బకు సిగ్గు లేకుంటే నాకు లేదా?"

"ఏదో ఒక పేరు చెప్పవే తల్లీ, టైం లేదు!"

ఏదో ఒక పేరు అనేసరికి బాలవ్వకు పొద్దుటి నుంచి ఇంట్లో నలుగుతున్న పేరే నోటికొచ్చింది. కౌసల్యమ్మను ఆ ఇంట్లో ఎవరూ కౌసల్యమ్మ అనరు. హనుమంతరావు ఇంటామె అనే అంటారు. హనుమంతరావు ఇంటామె వస్తున్నది, కుర్చీలు తుడువు. హనుమంతరావు ఇంటామెకు చక్కెర లేని చాయ్. బాలవ్వ ధైర్యంగా, "హనుమంతరావు అంటే," అని మొదలుపెట్టి, ఎక్కడా తడబడకుండా డిజైనంతా చెప్పేసింది.

స్పీకరు గొంతు సవరించుకుని సగం సిరిసిల్లకు వినబడేలా చదివింది. "హనుమంతరావు అంటే ఎదురెదురు నెమళ్ళ జంట. హనుమంతరావును తలకిందులు చెయ్యి. హనుమంతరావును నడిమికి కొయ్యి. ఒక సగం అంచుకు అతికించు. ఇంకో సగం కొంగుకు అతికించు. మిగిలింది పారెయ్యి."

వందన పడీపడీ నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటుండగా ఆమెకు వాట్సాప్ గ్రూపు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం ఫొటోలు చూస్తానంటే కౌసల్యమ్మను కూడా అందులో చేర్చిన సంగతి ఆ వెంటనే గుర్తొచ్చింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ మాటను చెరిపేసేలోపే జగిత్యాల నుంచి జవాబు వచ్చింది.

"రావు సాబ్ విన్నరు. నాతోని సాబ్ గూడ వస్తున్నరు."

వందన అక్షయ్‌కు ఫోను చేసింది. "బావా, కొంప మునిగింది. ఆ పేరు మార్చు, జల్దీ! నేను ఈ గ్రూపు సంగతి చూస్త."

"ఏం పేరు పెట్టాలె?"

"దాని అసలు పేరే పెట్టు!"

అక్షయ్ కోరుట్లలో కూర్చుని హనుమంతరావు ఉన్నచోటల్లా సాంబయ్యను పెట్టాడు. మారింది కాబట్టి స్పీకరు తన ధర్మం ప్రకారం మళ్ళీ మొదటి నుంచి చదివింది. సరిగ్గా అప్పుడే సాంబయ్య మిఠాయి డబ్బాతో వాడకట్టులోకి మలుపు తిరిగాడు. తనను తలకిందులు చేసి నడిమికి కోయమంటున్న మాట మొదట మలుపులో విన్నాడు. మిగిలింది పారేయమన్న మాట గడప దగ్గర విన్నాడు. వెనకే వాడకట్టు ఆడవాళ్ళు నలుగురు, ఏ ఇంట్లో కొట్లాటో తేల్చి పోదామని నడుముకు కొంగు బిగించి వచ్చారు.

"ఏందే!" అన్నాడు సాంబయ్య. "పెండ్లయిన కాంచి ఒక్కనాడు పేరు వెట్టి పిలువలే. ఇయ్యాల మైకుల పిలిచి కోయిస్తున్నవా?"

"నేన్గాదయ్యా, గా డబ్బ!"

"డబ్బకు నా మీద ఏం పగ?"

బాలవ్వ ముఖం మాడిపోయింది. కోపం భర్త మీద కాదు, అల్లుడి వరస అక్షయ్ మీద. తాను నోట పలకకుండా కాపాడుకొస్తున్న పేరును వాడు ఊరందరిలో కోసి పారేయించాడు, అదీ మంగళవారం పూట. "ఊరోళ్ళ పేరైతే మనకేం దోషం లేదు," అని డబ్బాతో మాట్లాడే ఫోను అందుకుని, "పాత పేరే ఉంచు," అని గట్టిగా చెప్పింది. డబ్బా ఆ మాట చక్కగా విన్నది. సాంబయ్య బతికిపోయాడు, హనుమంతరావు మళ్ళీ వచ్చి చేరాడు.

అవతల కోరుట్లలో అక్షయ్ ఇంకోలా ఆలోచించాడు. పేరు ముందు పెట్టడం వల్లే ఇంత రచ్చ అయింది, పేరు చివర పెడితే ఎవరి బుద్ధీ తడబడేది కాదు అని అతనికి గట్టిగా తోచింది. తోచడమే కాదు, మరదలికి మేలు చేద్దామనుకుని ఆమె పద్ధతిని డబ్బాలోంచి తీసేసి తనది ఎక్కించేశాడు. చెబుదామని ఫోను చేస్తే వందన ఎత్తలేదు. ఆమె అప్పుడు గ్రూపులో తంగళ్ళపల్లివాళ్ళకు, హనుమంతరావు అనే మనిషిని ఎవరూ ఏమీ చేయలేదని నచ్చజెబుతోంది.

ఇప్పుడు డబ్బాలో ఉన్న డిజైను 'హనుమంతరావు అంటే' అని మొదలవుతుంది. కొత్త పద్ధతి ప్రకారం పేరు చివర్లోనే పుట్టాలి. మొదట్లోనే ప్రత్యక్షమైన ఈ హనుమంతరావు ఎవరో డబ్బాకు అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడే తెల్లకారు వచ్చి వాకిట్లో ఆగింది. ముందు కౌసల్యమ్మ దిగింది. ఆమె వెనక ఇస్త్రీ నలగని తెల్ల లాల్చీలో హనుమంతరావు దిగాడు. పూర్వం ఊరికి దొరలు, ఇప్పుడు పొలాలూ దుకాణమూ. తన పేరు చెబితే మూడు మండలాల్లో ఎక్కడైనా కుర్చీ వేస్తారని ఆయన నమ్మకం. సాంబయ్య నోటికి పాత అలవాటుగా "దొ" అని వచ్చి, మధ్యలో మింగేసి, "సార్, దండాలు. లోపలికి రాండ్రి," అన్నాడు.

"నన్ను కొయ్యిమన్నది ఎవలు?" అంటూ హనుమంతరావు షెడ్డు గడపలో కాలు పెట్టాడు.

"హనుమంతరావు ఎవరో తెలియదు," అంది స్పీకరు.

డిజైనులో ఆ పేరు ఎన్నిచోట్ల ఉందో స్పీకరు అన్నిసార్లూ చెప్పాలి కదా, చెప్పింది. "హనుమంతరావు ఎవరో తెలియదు. హనుమంతరావు ఎవరో తెలియదు." వాడకట్టు ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. వందన పరుగెత్తి ప్లగ్గు పీకేసరికి ఆఖరుది కూడా అయిపోయింది.

హనుమంతరావు ముఖం కందగడ్డయింది. తిట్టినా ఓర్చుకునేవాడేమో, కోసినా అడిగి కనుక్కునేవాడేమో. ఎవరో తెలియదంటే ఎలా ఓర్చుకుంటాడు? "నేనెవలో తెల్వదా? సిరిసిల్లల నేనెవలో తెల్వదా? నడువు కౌసల్యా!" అని గిరుక్కున తిరిగి వెళ్ళి కారులో కూర్చుని, తలుపు ధడాలున వేసుకున్నాడు.

సాంబయ్య మిఠాయి డబ్బా చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు. ఆగిపోయిన సాంచె మీద చెయ్యి వేసి, దానికంటిన దూదిని ఊరికే తుడిచాడు. అది చూసి వందనకు ఏడుపొచ్చింది. ముందు పేరు, వెనక పేరు అని పొద్దుటి నుంచి తానూ బావా కొట్లాడుకున్నది దీనికోసమా? రేపు తుక్కు సేటుకు తానే ఎదురెళ్ళి వాకిలి తియ్యాలి కాబోలు అనుకుంది.

కౌసల్యమ్మ మాత్రం కదల్లేదు. తుడిచి పెట్టిన కుర్చీని ఇటు లాక్కుని తీరిగ్గా కూర్చుంది. "కారుల ఏసీ ఉన్నది, కూసుంటరు తియ్యి. అసలు ఏందమ్మా గిదంత?"

ఇంక దాచేదేముంది? వందన ఉన్నదున్నట్టు చెప్పేసింది. "మా అవ్వ బాపు పేరు పలుకదమ్మా. గీ డబ్బ పేరు లేంది ఊకోదు. పొద్దటి సంది మా ఇంట్ల మీ ఇంటి పేరే నడుస్తున్నది. గదే ఆమె నోటికచ్చింది. తప్పయింది, కాళ్ళు మొక్కుత."

కౌసల్యమ్మ తల తిప్పి బాలవ్వను చూసింది. "నువ్వు గూడ పలుకవా?"

"ఎట్ల పలుకుతమమ్మా?"

"నేను గూడ పలుకలే, ఇయ్యాల్టి దాంక. బ్యాంకుల అడిగితే కాయితం మీద రాసిచ్చిన. ఆస్పత్రిల అడిగితే వాళ్ళ ఫొటో చూపిచ్చిన." ఆమెకు నవ్వు మొదలైంది. బాలవ్వకు అంటుకుంది. ఇద్దరూ ఒకరి మోకాలి మీద ఒకరు చరుచుకుంటూ నవ్వారు. నవ్వు తగ్గాక కౌసల్యమ్మ డబ్బా వైపు ఓరగా చూసింది. "నేను పలికితే ఇంటదా గిది?"

"ఇంటది," అంది వందన ప్లగ్గు మళ్ళీ పెడుతూ. "మా బావ తన పద్ధతి ఎక్కిచ్చినట్టున్నడు, పేరు ఆఖరుకు చెప్పాలె. గట్టిగ పలుకాలె, పక్క షెడ్ల సాంచాల చప్పుడుకు దానికి సరిగ ఇనవడది."

కౌసల్యమ్మ ఫోను తీసుకుంది. వందన పక్కనుంచి అందిస్తుంటే నెమలిని తీసుకోమంది, ఎదురు తిప్పమంది, జత చేయమంది. "దీని పేరు," అని ఆగింది. నెత్తి మీద కొంగు సర్దుకుంది. ఒకసారి వాకిలి వైపు చూసింది. తర్వాత ఊపిరి బాగా తీసుకుని, పెళ్ళయిన నాటి నుంచి గొంతులో దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వదిలింది.

"హనుమంతరావూ!"

బయట కారు తలుపు భళ్ళున తెరుచుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా హనుమంతరావు పరుగెత్తుకొచ్చాడు. ఆయన ముఖంలో కోపం లేదు, కంగారు ఉంది. ఇంట్లో ఆమె 'ఇగో' అని నాలుగుసార్లు అంటేగాని ఆయన పేపరులోంచి తల ఎత్తడు. ఆమె నోట తన పేరు ఆయన విననే లేదు. ఏ పామో కరిచిందనుకున్నాడు, ఏ కరెంటో కొట్టిందనుకున్నాడు.

"పిలిచినవా?" అన్నాడు ఆయాసపడుతూ.

"మిమ్ముల గాదు," అంది కౌసల్యమ్మ. "నెమలిని."

సాంబయ్య గబగబా స్విచ్చి వేశాడు. సాంచె కదిలింది. కొంగు మీద నీలం నెమళ్ళు ముక్కులు దగ్గరగా పెట్టుకుని ఒక్కో పోగే పైకి తేలాయి. హనుమంతరావు దగ్గరికొచ్చి వంగి చూశాడు. ఆయన గొంతు చాలా మెత్తబడింది. "గిదా, నా పేరు పెట్టింది? బాగనే ఉన్నదే. గీ రెండిట్ల నేను ఏది?"

"రెండూ మీరే," అంది కౌసల్యమ్మ. "అంచుకు వచ్చినప్పుడు సగానికి కోస్తరు."

"కొయ్యకుంటే కాదా?"

"కొయ్యాలె," అంది కౌసల్యమ్మ. కొంగును వేళ్ళతో రాసి చూసి, వెలుతురుకు పట్టి చూసి, "బాగుంది," అంది.

ఆ ఒక్క మాటకు సాంబయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు కూడా. తుక్కు సేటుకు ఫోను చేసి, "రేపు రాకు. ఎల్లుండి గూడ రాకు," అని పెట్టేశాడు. కౌసల్యమ్మ షరతు ఒక్కటే పెట్టింది. డిజైను పేరు మార్చకూడదు, ఆ పేరుతోనే దుకాణంలో అమ్ముతుంది. పక్కనున్న హనుమంతరావు దీనికి వద్దనలేదు; గ్రూపులో పెట్టడానికి ఆ కొంగు పక్కన నిలబడి ఫొటో కూడా దిగాడు.

కారు వెళ్ళీ వెళ్ళకముందే అక్షయ్ ఫోను చేశాడు. "చూసినవా? నా పద్ధతిలనే పని అయ్యింది. పేరు వెనుకకే!"

"ఏం గాదు," అంది వందన. "రెండోసారి ఆమె ఆయన్నే పిలిచింది. ముందు 'హనుమంతరావూ' అన్నది, గప్పుడు కారు తలుపు తియ్యమన్నది. నీది ఎవలు ఇంటున్నరు?"

"గట్లెట్ల? నిబంధన అంటే నిబంధన!"

"పోయి ఆమెకు చెప్పు."

అక్షయ్ చెప్పలేదు. పోగులో ఆ వాదన నేటికీ తెగలేదు. జగిత్యాలలో మాత్రం హనుమంతరావు, పేరు ముందు పిలిచినా, పని ముందు చెప్పినా, లేచి వస్తున్నాడు.